పోయేవాళ్ళకి చూపించే ఊరు

ఈ ఊళ్ళో కొత్తగా వచ్చినవాళ్ళకి ఊరు చూపించడం ఆనవాయితీ అట. వృద్ధుల ఆశ్రమంలో నర్సుగా చేరిన ఆర్నెల్లకి నా పేరు కూడా ఆ జాబితాలోకి ఎక్కింది. పోయిన ఆదివారం పొద్దున పదిమందిమి సంతబజారులో పోగైతే, రిటైరైన చరిత్ర టీచరమ్మ ఒకావిడ ఎర్ర గొడుగు పైకెత్తి పట్టుకుని ముందు నడిచింది. జర్మనీ మ్యాపులో వేలితో వెతికితే తప్ప దొరకని ఊరిది. ఆవిడ చెప్పడం మొదలుపెట్టాక మాత్రం దీనికంటే పెద్ద ఊరు భూమ్మీద లేదనిపించింది. ఉప్పు అమ్ముకుని కట్టుకున్న గోపురం, ఆ ఉప్పు మీద కన్నేసి పక్క ఊరి దొర తగలబెట్టిన గోపురం, పట్టుబట్టి మళ్ళీ కట్టిన గోపురం, మూడూ ఒకటే గోపురం. ఊరి చివర పార్కులో రెండంతస్తుల ఎత్తున ముళ్ళకంప పేర్చిన గోడ ఉంది. పైనించి ఉప్పునీళ్ళు కంప మీదుగా చుక్కచుక్కగా జారుతుంటాయి. వెనకటికి ఉప్పు తీయడానికి కట్టారట. ఇప్పుడు జనం దాని పక్కన బెంచీల మీద కూర్చుని ఆ గాలి పీలుస్తారు. గాలి పీల్చడం కూడా ఒక కాలక్షేపమేనా అని లోపల నవ్వుకున్నాను.

చివర్లో ఆవిడ గొడుగు మూసి, ఊరంతా చూశారు కాబట్టి ఇక మీరు ఈ ఊరివాళ్ళు అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు చేతులు రాలేదు. నేను పెరిగిన చోట లెక్క తలకిందులు. అక్కడ ఊరు చూశారంటే ఇక ఆ ఊరివాళ్ళు కారని అర్థం.

ఆ ఊరు సౌదీలో హుఫూఫ్. చుట్టూ ఎడారి, మధ్యలో లెక్కలేనన్ని ఖర్జూరపు చెట్లు. మా నాయన అక్కడ ఒక చిన్న కాంట్రాక్టు కంపెనీలో ఇరవై సీట్ల బస్సు నడిపేవాడు. రాయచోటి పక్క పల్లె నుంచి పెళ్ళికి ముందే పోయాడు. అమ్మ తర్వాత పోయింది. నేను చంకలో ఉండగా పోయాను, తమ్ముడు అక్కడే పుట్టాడు. మేము దూదేకులవాళ్ళం, ఇంట్లో తెలుగే. మా సందులో మావైపు వాళ్ళ కాపురాలు ఏడెనిమిది, హైదరాబాదువాళ్ళవి రెండు మూడు, కోస్తా నుంచి వచ్చిన నర్సు ఆంటీది ఒకటి. మధ్యాహ్నం ఒంటిగంటకి ఆ సందులో నడిస్తే ఏ తలుపు వెనక ఏ తిరగమోతో కళ్ళు మూసుకుని చెప్పేదాన్ని. సంగటి ఉడికే వాసన, ఎండుచేపల వాసన, హైదరాబాదువాళ్ళ బగారా వాసన, అన్నిటి మీదా ఏసీ మిషన్ల నుంచి కారే నీటి తడి వాసన. ఆ సందు ఇప్పుడు లేదని కాదు, ఉంది. ఆ వాసనలు మాత్రం లేవు.

మగవాళ్ళకి పని, పిల్లలకి బడి. ఆడవాళ్ళకి మాత్రం నాలుగు గోడలు, వారానికోసారి సామాన్ల కొట్టు. ఊళ్ళో కొండగుహలున్నాయని, వేడినీటి ఊటలున్నాయని, పాతకోట ఉందని అందరికీ తెలుసు. రేపు చూద్దాం, వచ్చే సెలవుల్లో చూద్దాం అనుకుంటూ ఏళ్ళు గడిపేశారు. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు, ఉన్న ఊరు ఎవరికీ చూడబుద్ధి కాలేదు.

అప్పుడు ఆ కొత్త రూలు వచ్చింది. ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు, ముందుకు నడవాలంటే ఇంట్లో ఉన్న పెళ్ళాం పిల్లలకి తలకింత అని ఏడాదికంతా ఒకేసారి కట్టాలి. ఏటేటా అది పెరుగుతుంది. దానికి ముందే నితాఖత్ ఒకటి ఉండనే ఉంది. కంపెనీలో సౌదీవాళ్ళు సరిపడా ఉంటే పచ్చరంగు, కాస్త తగ్గితే పసుపు, మరీ తక్కువైతే ఎర్రరంగు పడుతుంది. ఎర్రబడిన కంపెనీలో మాలాంటివాళ్ళ కార్డులు కదలవు. మా సందులో ఆడవాళ్ళు ఎదురుపడితే అంతకుముందు ఏం కూర అని అడిగేవాళ్ళు. ఆ ఏడాది నుంచి మీరు పచ్చలో ఉన్నారా, ఎర్రలో ఉన్నారా అని అడగడం మొదలైంది. పిల్లలం మేము కూడా ఆ ఆటే ఆడుకునేవాళ్ళం. ఎర్ర అంటే అవుట్.

మొదట కదిలింది ఏసీ మెకానిక్ మామ కుటుంబం. ఖురూజ్ కొట్టించుకున్నారు, అంటే ఇక తిరిగి రాని ప్రయాణం. వెళ్ళేముందు ఆ మామ భార్య, నేను అత్తా అని పిలిచే ఆమె, మా ఇంటి గడపలో కూర్చుని నాయనతో అన్న మాట నాకు బాగా గుర్తు.

"పన్నెండేండ్లు ఈడ ఉండి ఏం చూసింది లేదన్నా. ఊరికి పోతే సౌదీలో ఏం చూసినావమ్మా అంటారు. ఏసీ చూసినా, ఫ్రిజ్జు చూసినా అని చెప్పాల్నా?"

నాయన వాళ్ళ కఫీలుని, అంటే ఆయన్ని తెప్పించుకున్న సౌదీ యజమానిని, బతిమాలుకున్నాడు. ముసలాయన మంచివాడు, శుక్రవారం పొద్దున బస్సు వాడుకోమన్నాడు. అత్త కుటుంబం, వాళ్ళ చుట్టాలు, సీట్లు మిగిలితే సందులో పిల్లలం, తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే బయలుదేరాం. ఆ తర్వాత ఎవరికి ఖురూజ్ పడినా, వాళ్ళ ఆఖరి శుక్రవారం నాయన బస్సుదే అయింది. ఎవరూ అనుకుని పెట్టింది కాదు, అలా పడిపోయింది. సందులో ఆడవాళ్ళు తలా ఒకటి వండి పంపేవాళ్ళు. మా అమ్మ వంతు చిత్రాన్నం. అక్కడి తోటల్లో కాసే నిమ్మకాయలకి ఉన్న వాసన నేను మళ్ళీ ఎక్కడా ఎరగను. అమ్మ మాత్రం ఎప్పుడూ బస్సెక్కలేదు. తమ్ముడికి బస్సెక్కితే వాంతి. పైగా పోయేవాళ్ళ సీటు మనమెందుకు తీసుకోవాలి అనేది. మన వంతు వచ్చినప్పుడు చూద్దాంలే అని నవ్వేది. నేను ఏడుసార్లు వెళ్ళాను.

నాయన చరిత్ర చెప్పడం మొదలుపెడితే వినాల్సిందే. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని అమ్మ ఊరికే అనేది కాదు. పాతకోట దగ్గర, ఇది కట్టిన తురుష్కుల దొర మన గండికోట నవాబుకి వేలువిడిచిన బావమరిది అని చెప్పేవాడు. కఫీలు దగ్గర విన్నది కొంత, మా జేజి, అంటే నాయన తల్లి, చెప్పిన కథలు కొంత, మిగతాది అప్పటికప్పుడు బస్సు నడుపుతూ పుట్టించింది. ఒకసారి నర్సు ఆంటీ, "మొన్న బావమరిది అన్నారు, ఇవాళ అల్లుడంటున్నారేంటండీ?" అని అడిగింది. మధ్యలో పెండ్లి అయిపోయిందమ్మా అన్నాడు నాయన. బస్సంతా నవ్వింది. పోయేవాళ్ళు కూడా నవ్వారు.

కోట తర్వాత బజారు. అక్కడ ఖర్జూరం కలిపి కాల్చిన ఎర్రరొట్టె కొనేవాళ్ళం, చేతులు కాలుతుండగానే తుంచుకుని తినాలి. తర్వాత ఉమ్ సబా అనే వేడినీటి ఊట. నీళ్ళు ఏడు పాయలుగా పోతాయట. ఎవరి పాయ ఎక్కువసేపు వేడిగా ఉంటుందో అని పిల్లలం కాళ్ళు పెట్టి పందేలు వేసుకునేవాళ్ళం. నేను ఒకసారి తడి కాళ్ళతో నర్సు ఆంటీ తెల్ల చున్నీ తొక్కి ఆ నెపం ఇంకొకరి మీద వేశాను.

ఆఖరికి ఖారా కొండ. ఆ కొండ గురించి చెప్పడానికి నాకు జర్మన్‌లోనూ మాటల్లేవు, తెలుగులోనూ సరిగ్గా లేవు. బయట ఎండ పెనం మీద నిలబెట్టినట్టు ఉంటుంది. కొండలోని సందులోకి నాలుగడుగులు వేస్తే చాలు, చల్లదనం పాదాల నుంచి పైకి ఎక్కుతుంది. రెండు పక్కలా ఇసుకరాతి గోడలు తాటిచెట్టుకి మించిన ఎత్తున లేచి, పైన ఆకాశం సన్నగా గీతలాగా కనపడుతుంది. గోడల మీద చెయ్యి పెడితే పిండి రాలినట్టు ఇసుక రాలుతుంది. మాట్లాడితే మాట మనకంటే ముందు పోయి, మలుపు దగ్గర తిరిగి, వేరేవాళ్ళ గొంతుతో వెనక్కి వస్తుంది. పిల్లలం మా పేర్లు మేమే అరుచుకుని ఎవరో పిలిచినట్టు పలికేవాళ్ళం.

పోయే ఆడవాళ్ళు ఏడ్చేది అక్కడే. ఇంట్లో పెట్టెలు కట్టేటప్పుడు ఏడవరు, పిల్లలు చూస్తారని. ఎయిర్‌పోర్టులో ఏడవరు, మొగుడు ఒంటరిగా వెనక్కి పోవాలని. ఆ చల్లటి సందులో గోడకి నుదురు ఆనించి ఏడ్చేవాళ్ళు. అక్కడికి రాగానే నాయన పిల్లల్ని వేసుకుని ముందుకు వెళ్ళిపోయి, గొంతు పెంచి ఏవో దొంగల కథలు చెప్పేవాడు. కథ కోసమే గొంతు పెంచుతున్నాడనుకున్నాను. వెనక వాళ్ళ ఏడుపు మాకు వినపడకూడదనే పెంచాడని చాలా ఏళ్ళకి గాని నాకు తట్టలేదు.

ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఎవరికి ఖురూజ్ పడిందని తెలిసినా నేను సంబరపడేదాన్ని. వచ్చే శుక్రవారం బస్సు ఉంది, ఎర్రరొట్టె ఉంది, కొండ ఉంది. ఒకసారి రెండు నెలలు ఎవరూ పోలేదు. ఎవరైనా పోతే బాగుండు అని పడుకునేముందు దువా చేసుకున్నాను. అల్లా నా మాట విన్నంతగా ఇంకెవరి మాటా వినలేదు. ఆ చలికాలానికి సందులో సగం తలుపులకి తాళాలు పడ్డాయి.

అంతలో ఇంకొకటి జరిగింది. ఖురూజ్ ఏమీ లేని ఒక కుటుంబం, కంపెనీ పచ్చలోనే ఉన్నవాళ్ళు, సరదాగా ఆ బస్సులో వచ్చి అన్నీ చూశారు. నెల తిరగకుండా వాళ్ళకీ పడింది. అంతే, ఆడవాళ్ళు బస్సంటే భయపడటం మొదలుపెట్టారు. ఊరు చూస్తే ఊరు వదిలేస్తుందని ఒక మాట పుట్టింది. నాయన పైకి నవ్వేవాడు. ఆ తర్వాత మాత్రం కథలు కాస్త తగ్గాయి.

మా వంతు ఎండాకాలంలో వచ్చింది. నాయన కంపెనీ పసుపు నుంచి ఎర్రకి జారింది. మా ముగ్గురికీ కట్టాల్సింది కట్టే దారి లేదు. నాయన పది రోజులు తిండి సరిగా తినలేదు. ఒక సాయంత్రం కంపెనీ కాగితాలు చూసే హైదరాబాదు మనిషి ఇంటికొచ్చి, చాయ్ కప్పు పట్టుకుని చాలాసేపు నచ్చజెప్పాడు. మమ్మల్ని పంపేసేటప్పుడు ఖురూజే కొట్టించమన్నాడు. నాయన వినలేదు, ఆరు నెలల్లో తిరిగొచ్చే వీసా కావాలన్నాడు. ఆరు నెలల్లో కంపెనీ పచ్చబడుతుంది, వీళ్ళని మళ్ళీ తెచ్చుకుంటానన్నాడు.

"సమజ్ చేస్కో భాయ్. వాళ్ళు తిరిగి రాలేదనుకో, పేర్లు నీ కార్డు మీదనే ఉంటయ్. ఈడ లేని మనుషులకు గూడ నువ్వే కట్టాలె. కట్టనిది నీ కార్డు నడవది. నువ్వే ఇరుక్కుంటవ్," అన్నాడు ఆయన.

నాయన తల దించుకుని, ఖురూజ్ కాగితం మీద నా చెయ్యి పోదు భాయ్ అన్నాడు. ఆ ఒక్క సంతకం పెట్టలేకపోవడం మా ఇంటికి ఏం చేసిందో తర్వాత చెబుతాను.

మా ఆఖరి శుక్రవారం కోసం అమ్మ ముందురోజే నిమ్మకాయలు పిండి పెట్టుకుంది. సందులో అప్పటికి వండి పంపేవాళ్ళు మిగల్లేదు, అన్నీ తానే చేసింది. తమ్ముడికి వాంతి కాకుండా అల్లం ముక్క, చేతిలో ఒక కవరు. తాను నీలం రంగు కొత్త చున్నీ తీసి ఇస్త్రీ చేసుకుంది. పదకొండేళ్ళలో అమ్మ ఒక చోటుకి పోవడానికి అంత ముస్తాబు కావడం నేను చూడలేదు. తెల్లారి నాయన బస్సు కడిగాడు, అద్దాలు తుడిచాడు, లోపలికొచ్చి కింద కూర్చున్నాడు. లేవలేదు.

బండి బాగలేదు అన్నాడు కాసేపటికి. నిన్న సాయంత్రం కూలీలని దింపి వచ్చిన బండే కదా అంది అమ్మ. ఎండ ఎక్కువైంది, పిల్లోడికి పడదు అన్నాడు. అమ్మ టిఫిన్ డబ్బా మూత పెట్టి చేతిలో పట్టుకునే నిలబడింది.

"పోయేవాళ్ళందరికీ చూపించినావు. నాకు చూపించవా?"

"మీరు పోయేవాళ్ళు కాదు మే," అన్నాడు నాయన. "మళ్ళా వచ్చినాక చూద్దువులే."

అమ్మకి అర్థమైంది. నాకు కాలేదు. నేను గొడవ చేశాను. ఊరందరి పిల్లల్నీ తీసుకుపోయి సొంత పెళ్ళాన్ని తీసుకుపోవా అని, పదకొండేళ్ళ పిల్ల అనకూడని మాట అన్నాను. నాయన నన్ను కొట్టలేదు. కొట్టి ఉంటే ఇప్పుడు ఇంత బరువు ఉండేది కాదేమో. డబ్బా తెరిచి, నేల మీద దుప్పటి పరిచి, ఆ చిత్రాన్నం నలుగురం ఇంట్లోనే తిన్నాం. అమ్మ నీలం చున్నీ తీయకుండానే గిన్నెలు కడిగింది.

దమ్మాం ఎయిర్‌పోర్టుకి పోయే దారిలో ఖర్జూరపు తోటలు దాటి ఒక మట్టిదిబ్బ కనపడితే, అదేనా కొండ అని అమ్మ నన్ను చెవిలో అడిగింది. కాదన్నాను. అమ్మ మళ్ళీ అడగలేదు.

ఆరు నెలలూ నాయన ఫోన్‌లో అదే మాట. వస్తారులే, వచ్చినాక చూపిస్తాలే. అమ్మ పెట్టెలోంచి మా అక్కడి బట్టలు బయటకి తీయలేదు. బడిలో చేర్పించమని జేజి పోరుతుంటే, ఇంకెంత, పై నెల పోతాం కదా అనేది. వీసా గడువు తేదీ వచ్చింది, పోయింది. ఆ రోజు నాయన ఫోన్ చేయలేదు. మరుసటి వారం అమ్మ నన్ను ఊరి హైస్కూల్లో చేర్చింది. పెట్టె ఖాళీ చేసి మంచం కిందకి తోసింది.

హైదరాబాదు మనిషి చెప్పినదంతా పొల్లుపోకుండా జరిగింది. మా పేర్లు నాయన కార్డు మీద ఉండిపోయాయి. అక్కడ లేని మమ్మల్ని నాయన అక్కడ మోస్తూనే ఉన్నాడు. కార్డు ఆగిపోయింది. కార్డు లేని మనిషికి బస్సు ఎవరూ ఇవ్వరు. కఫీలు ముసలాయన చనిపోయాక కంపెనీ మూసేశారు. నాయన రియాద్ పోయి, సులై అనే చోట గోదాముల్లో బస్తాలు మోసే పనికి కుదిరాడు. రేకుల గదిలో పన్నెండుమందితో ఉన్నాడు. పోలీసులకి భయపడి శుక్రవారం నమాజుకి కూడా గోదాము దాటేవాడు కాదట. ఇంటికి రావాలన్నా దారి లేదు, కార్డు లేనివాడికి బయటకి పోయే ముద్ర ఎవరు కొడతారు? జేజి పోయినప్పుడు రాలేదు. తన తల్లి మట్టి తాను వేయలేకపోయాడు. ఆ రోజు ఆయన ఫోన్ చేశాడు. అమ్మ ఫోన్ పట్టుకుని అరగంట అలాగే కూర్చుంది. నేను మా ఇంట్లో ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక దేవుడి మీద తెచ్చుకున్నాను.

నేను నర్సింగు రెండో ఏడాదిలో ఉండగా నాయన వచ్చాడు. పోలీసులు పట్టుకుని జైల్లాంటి చోట నెల రోజులు ఉంచి, పాస్‌పోర్టు బదులు ఒక తెల్లకాగితం ఇచ్చి పంపేశారు. ఇక ఎప్పటికీ ఆ దేశం పోకూడదు. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో ఒక లుంగీ. బస్టాండులో తమ్ముడు ఆయన్ని గుర్తుపట్టలేదు, ఆయనా తమ్ముణ్ణి గుర్తుపట్టలేదు. ఒకరిని ఒకరికి నేనే చూపించాల్సి వచ్చింది.

మాట పోయింది ఆయనకి. జబ్బు కాదు, చెప్పడానికి ఏమీ లేదన్నట్టు ఉండేవాడు. అడిగినదానికి ఒక ముక్క, అంతే. గండికోట నవాబుకి బావమరుదుల్ని పుట్టించిన మనిషి, ఊళ్ళో ఎవరైనా సౌదీ సంగతులు అడిగితే లేచి వెళ్ళిపోయేవాడు. వచ్చిన నెలకేమో, ఒక మధ్యాహ్నం అన్నం తింటున్నాం. అమ్మ సంగటి పెడుతూ, ఏదో మాట కలపాలని కాబోలు, నవ్వుతూ అడిగింది.

"ఇంక పోయేది లేదు కదా. ఇప్పుడన్నా చెప్పు, ఆ కొండలో ఏముంటాది?"

నాయన సంగటి ముద్ద పప్పులో అద్దాడు.

"ఏముంటాది మే. రెండు బండల మధ్య సందు. లోపల చల్లగా ఉంటాది, అంతే," అన్నాడు.

అమ్మ నమ్మలేదు. నమ్మాలని ఉంది, కానీ నమ్మలేదు. నేను ఏడుసార్లు చూసినదాన్నని తెలుసు కాబట్టి నా వైపు తిరిగింది. ఆకాశం గీతలాగా కనపడేది, మాట వేరే గొంతుతో తిరిగొచ్చేది, ఆడవాళ్ళు గోడకి నుదురు ఆనించి ఏడ్చేది, అన్నీ నా నోటిదాకా వచ్చాయి. నాయన తల ఎత్తలేదు.

"అవునమ్మా, ఏం లేదు," అన్నాను.

అమ్మ ముఖంలో ఏదో వదులైంది. ఎంత దూరం పోయినా కొండలన్నీ ఒకటేలే అని, ఆయన కంచంలో ఇంకొంచెం పప్పు వేసింది. ఆ తర్వాత ఆమె ఎప్పుడూ అడగలేదు. నాయన పోయి నాలుగేళ్ళయింది. నాకిప్పుడు దాదాపు హుఫూఫ్ వదిలిననాటి అమ్మ వయసు. వారానికోసారి ఫోన్‌లో మాట్లాడుకుంటాం, నిజం చెప్పేద్దామని చాలాసార్లు అనుకుంటాను. చెబితే ఆమె ఏం పోగొట్టుకుందో ఆమెకి తెలుస్తుంది, ఆమెతో అబద్ధమాడి పోయినవాడు నాయన అవుతాడు. అందుకని మందులు వేసుకున్నావా, తమ్ముడు ఫోన్ చేశాడా అని అడిగి పెట్టేస్తాను.